దేముడి పేరు చివర ‘దా’

కలకత్తా పక్కన లిలువా రైల్వే కార్ఖానాలో రైలుపెట్టెల చక్రాలు విప్పి బిగించే ఖలాసీ దేముడికి జీవితంలో ఒకటే కోరిక ఉండేది. పెద్ద కోరికేం కాదు. ఇల్లడగలేదు, ప్రమోషనడగలేదు. తన పేరు చివర ఎవరైనా ఒక్క ‘దా’ తగిలిస్తే చాలనుకున్నాడు.

బెంగాలీలో ‘దా’ అంటే అన్న. లిలువాలో ఆ అక్షరం దొరకనివాడు లేడు. టీ కొట్టువాడు కానాయ్‌-దా. పేపర్లు వేసేవాడు నిమాయ్‌-దా. క్లబ్బులో కేరమ్ బోర్డు మీద పౌడరు చల్లడం తప్ప పుట్టాక మరో పని చేసి ఎరగని బద్ధకిష్టి భోంబల్‌-దా. దేముడు మాత్రం ‘ఏయ్ దేము’. కోపమొస్తే ‘ఏయ్ మద్రాసీ’. మద్రాసెలా ఉంటుందో దేముడికి తెలియదు. వాళ్ళ తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి రైలెక్కి వచ్చాడు. దేముడు లిలువాలో తెలుగువాళ్ళ క్వార్టర్ల వరస, తెలుగు లైన్లోనే పుట్టాడు, అక్కడే చీమిడి తుడుచుకున్నాడు, అక్కడే పెళ్ళాడాడు. అతని బెంగాలీ వింటే బెంగాలీవాళ్ళే తడబడేవారు. అయినా ముప్పై అయిదు దాటినా ‘దా’ రాలేదు.

దానికోసం చెయ్యని పని లేదు. దుర్గమ్మను నిమజ్జనానికి తీసుకెళ్ళేటప్పుడు బరువంతా వాలే మూలన భుజం పెట్టేది దేముడే. ఫుట్‌బాల్ జట్టులో ఎవరూ ఒప్పుకోని, గోల్ కాసే గోలీ పని ఒప్పుకుని, ముక్కు ఒకసారి, పన్ను ఒకసారి సమర్పించుకున్నాడు. క్లబ్బు పెట్టే రక్తదాన శిబిరంలో ఏటేటా మొట్టమొదటి మంచం మీద పడుకునేవాడు. రక్తం తీసుకుని ఉడికిన గుడ్డూ అరటిపండూ చేతిలో పెట్టి, ‘శాబాష్ దేము’ అని వీపు తట్టేవారు. గుడ్డు తింటూ ఇంటికొచ్చేవాడు.

అతని పెళ్ళాం అప్పలకొండమ్మకి ఈ పిచ్చి బొత్తిగా అర్థమయ్యేది కాదు. “ఇంట్లో తమ్ముళ్ళు అన్నయ్యా అన్నయ్యా అంటన్నారు గదా. అది సాలదేటి నీకు?” అనేది. తమ్ముళ్ళు అప్పుకోసం అంటారనీ, ఊరివాళ్ళు మర్యాదకోసం అంటారనీ ఆమెకెలా చెప్పాలో అతనికి తెలిసేది కాదు.

కాలింపాంగ్ కొండల్లో ప్రత్యేక రాష్ట్రం గొడవలు చల్లారి నాలుగైదేళ్ళయిన రోజుల్లో, ఒక చలికాలం, క్లబ్బు సెక్రటరీ బాదల్‌-దాకి ఒక ఆలోచన వచ్చింది. బాదల్ చక్రవర్తి కార్ఖానాలో హెడ్‌క్లర్కు. కింది గుమాస్తా నుంచి పార్టీ ఆఫీసులో పెద్దల దాకా అందరికీ బాదల్‌-దాయే. ముసలాళ్ళు కూడా నోరు జారి దా అనేస్తారు. ఆయన ఉపన్యాసం మొదలెడితే కరెంటు పోవాలి తప్ప ఆగదు. అదృష్టవశాత్తూ ఆ కాలంలో కరెంటు బాగానే పోయేది.

ఆయన ఆలోచన ఏమిటంటే, క్లబ్బు తరఫున కాలింపాంగ్ వైపు లోయల్లోకి సైకిల్ యాత్ర. లెప్చా ఆదివాసీల ఊళ్ళు చూడాలి, కొండల్లోని సోదరులను కావలించుకోవాలి, ఫోటోలు తియ్యాలి, తిరిగొచ్చి సన్మానం చేయించుకోవాలి. ఎర్రగుడ్డ మీద తెల్లరంగుతో ‘జాతీయ సమైక్యతా సైకిల్ యాత్ర’ అని బ్యానరు కూడా రాయించేశారు. అప్పుడు కమిటీలో ఎవడో పనిలేనివాడు లేచి, వెళ్ళేది చక్రవర్తి, ముఖర్జీ, బెనర్జీ అయితే ఇందులో సమైక్యత ఎక్కడుందని అడిగాడు. రంగు ఆరిపోయింది కాబట్టి బ్యానరు మార్చడానికి లేదు. మనుషుల్ని మార్చాలి. బీహారీ పాలవాడిని అడిగితే గేదెల్ని ఎవరు చూస్తారన్నాడు. లారీ నడిపే సర్దార్జీ సైకిలు వంక చూసి జాలిగా నవ్వాడు. ఇక మిగిలింది దేముడు.

దేముడు రాత్రికి రాత్రే సైకిలు విప్పి నూనెలో ముంచాడు. ఇన్నాళ్ళకు దారి దొరికింది. కొండెక్కి దిగి బ్యానరుతో తిరిగొచ్చినవాడిని ‘ఏయ్ దేము’ అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

యాత్రకి ముందు శిక్షణ ఉండాలన్నారు బాదల్‌-దా. లిలువా చుట్టుపక్కల కొండేమిటి, మెరక కూడా లేదు. ఉన్న ఎత్తల్లా బాలీ వంతెన మీదికెక్కే వాలుదారి. పొద్దున్నే బాదల్‌-దా, ఆఫీసు టైపిస్టులిద్దరు, దేముడు, నలుగురూ రొప్పుతూ ఆ వాలెక్కేవారు. ఎక్కాక కాళ్ళు బారజాపి, పాటలు పాడుతూ కిందికి జారేవారు. కొండంటే ఎక్కడం ఒక్కటే కష్టమని వాళ్ళ నమ్మకం. దిగడానికి కూడా సాధన కావాలని ఆ మహానుభావుల్లో ఒక్కడికీ తట్టలేదు. పల్లపు దేశంలో పుట్టినవాళ్ళ బుర్ర అంతే. వాళ్ళ సైకిళ్ళ బ్రేకు రబ్బర్లు అరిగి ఎన్నాళ్ళయిందో కూడా చూసుకోలేదు. ఆపాలంటే ముందు టైరుకి చెప్పు ఆనిస్తే సరిపోయేది కదా.

బయల్దేరిన రోజు బాండు వాయించారు, శంఖాలు ఊదారు, దండలు వేశారు. యాత్రికులు వీరుల్లా సైకిళ్ళు తొక్కి హౌరా స్టేషను చేరి, సైకిళ్ళని సామాన్లు వేసే బ్రేకు వ్యానులో పడేసి, రైల్వే పాసుల మీద తాము పై బెర్తులెక్కి నిద్రపోయారు. మైదానంలో తొక్కితే ఏముంది, అసలు యాత్ర కొండల్లోనే అన్నారు బాదల్‌-దా. దేముడికిది న్యాయంగానే కనిపించింది. రైల్లో పాసుండగా సైకిలు తొక్కడం రైల్వేవాడికి అవమానం.

రైలు దిగి తీస్తా నది పక్కన తారురోడ్డు మీద బాగానే తొక్కారు. పెద్దరోడ్డు వదిలి లోయలోకి తిరిగాక మాత్రం సైకిళ్ళు వాళ్ళని మొయ్యడం మానేశాయి, వాళ్ళే సైకిళ్ళని మొయ్యసాగారు. ఒక పక్క కొండ, రెండో పక్క పొగమంచు. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడుస్తున్న బాదల్‌-దా ఉపన్యాసం వినిపించేది గాని ఆయన కనిపించేవారు కాదు. సాయంత్రానికి లెప్చాల ఊరు చేరారు. ఆ ఊరి పేరు దేముడికి ఎప్పటికీ నోరు తిరగలేదు. రాతిపునాదుల మీద స్తంభాలెత్తి కట్టిన చెక్క ఇళ్ళు, కింద మేకలు, వెనక ఏలకుల తోటలు, పెరటినిండా నారింజలు.

బాదల్‌-దా దుమ్మయినా దులుపుకోకుండా ఉపన్యాసం ఎత్తుకున్నారు. వెంట వచ్చిన ఇద్దరు టైపిస్టుల్లో ఒకడు దాన్ని హిందీలో సగానికి తగ్గించాడు. ఊరిపెద్ద కొడుకు దాన్ని లెప్చా భాషలో ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆ ఒక్క ముక్క ఏమిటో బాదల్‌-దా ఇప్పటికీ ఎరగరు.

తర్వాత ఊరిపెద్ద దేముడిని చూపించి, మీరు ముగ్గురూ ఒకలా ఉన్నారు, ఇతనెవరని అడిగాడు. మద్రాసీ అన్నారు బాదల్‌-దా. అంతే, ఊరు ఊరంతా లేచొచ్చి దేముడి చుట్టూ కూర్చుంది. ఆదివాసీలను చూడ్డానికి వచ్చినవాళ్ళని వదిలేసి ఆదివాసీలు దేముడిని చూశారు. మీ వాళ్ళు ఏం తింటారు, ఎలా నాట్యం చేస్తారు, ఏదీ మీ భాషలో ఒక పాట పాడమన్నారు. దేముడికి తెలుగు పాట ఒక్కటీ రాదు. ధారాళంగా వచ్చినవి వాళ్ళమ్మ అప్పమ్మ తిట్లే. తప్పేది లేక, చిన్నప్పుడు తను తిన్న తిట్లన్నీ రాగం తీసి పాడాడు. ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. టైపిస్టు ఫోటో తీశాడు.

ఆ ముసలమ్మే తన పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి వెదురు చెంబు ఒకటి చేతికిచ్చింది. లోపల గింజలు, పైన వేడినీళ్ళు, పీల్చుకోడానికి సన్నటి వెదురు గొట్టం. దేముడు గింజలు వేలితో తీసి చూశాడు. చోళ్ళు, అదే రాగులు. అచ్చంగా చోళ్ళే. పుట్టిన దగ్గర్నుంచి చోడంబలి తాగి పెరిగిన మనిషికి ఇంత దూరంలో, ఇంత ఎత్తులో చోళ్ళు కనబడితే ఏమవుతుంది? ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో అప్పలకొండమ్మ పోసే అంబలే అనుకుని గడగడా పీల్చేశాడు. ముసలమ్మ మళ్ళీ వేడినీళ్ళు పోసింది. మళ్ళీ పీల్చాడు. అవి పులియబెట్టిన చోళ్ళనీ, అది కల్లుకి అక్కలాంటిదనీ అతనికి తెలిసేసరికి పొయ్యి రెండుగా కనిపిస్తోంది.

అప్పుడు దేముడు ముసలమ్మకి తన గోడంతా తెలుగులో చెప్పుకున్నాడు. గోలీ పని, విరిగిన పన్ను, ఉడికిన గుడ్డు, రాని ‘దా’, అన్నీ. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఊపుతూ నీళ్ళు పోస్తూనే ఉంది. లిలువాలో అతని మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. తమాషా ఏమిటంటే, ఆ ఊళ్ళో కుర్రాళ్ళంతా అడక్కుండానే అతన్ని ‘దాజు’ అంటున్నారు. ఆ కొండల్లో అన్నకి అదే మాట. అయితే కనబడ్డ ప్రతివాణ్ణీ వాళ్ళు దాజు అంటారు. ఇంత చవగ్గా దొరికేది దేముడికి అక్కర్లేదు. అతనికి కావాల్సింది లిలువా సరుకు.

తెల్లారేసరికి మంచు విడిపోయింది. టైపిస్టులిద్దరూ కింద వంతెన దగ్గర ఫోటోకి మంచి చోటు చూస్తామని ముందే దిగిపోయారు. బాదల్‌-దా బ్యానరు భుజాన వేసుకుని ఊరి చివరికొచ్చి, నిన్న తాము నడిచొచ్చిన దారి మొదటిసారి చూశారు. దారి పక్కన ఏమీ లేదు. చాలా కింద దారప్పోగులా ఏరు ఒకటి కనబడుతోంది. బాదల్‌-దాకి తెలిసిన ఎత్తు ప్లాట్‌ఫారం ఎత్తు. ఆయన నోట మాట ఆగిపోయింది, కరెంటు పోకుండానే. రెండడుగులు వెనక్కి వేసి, కొండకి వీపు ఆనించి చతికిలబడి, గడ్డిపరకలు రెండు చేతులా పట్టుకున్నారు.

దేముడు బతిమాలాడు, బుజ్జగించాడు. చెయ్యిపట్టి లేపితే ఆయన మళ్ళీ కూర్చున్నారు. లేవను, దిగను, నన్నిక్కడే వదిలెయ్యండి, ఈ ఊళ్ళోనే గుమాస్తాగా ఉండిపోతానన్నారు. కళ్ళమ్మట నీళ్ళు. దేముడికి నవ్వు రావాల్సింది గాని రాలేదు. అంతపెద్ద మనిషి గడ్డి పట్టుకుని వణుకుతుంటే జాలేసింది.

ముసలమ్మ వచ్చి చూసింది. ఒక్క మాటైనా అనకుండా ఇంట్లోకెళ్ళి పెద్ద వెదురుబుట్ట తెచ్చింది. దాని ఒక పక్క కోసేసి ఉంది. ఆ ఊళ్ళో నొప్పులొచ్చిన ఆడవాళ్ళనీ, జబ్బుపడ్డవాళ్ళనీ కిందికి మోసుకెళ్ళేది అందులోనే. కూర్చున్నవాడి మొహం వెనక్కి, కొండవైపు ఉంటుంది. బాదల్‌-దాని అందులో కూర్చోబెట్టారు. ఇంకా లోయ కనిపిస్తోందని గోలపెడితే, దేముడు జాతీయ సమైక్యతా బ్యానరు తీసి ఆయన కళ్ళ చుట్టూ రెండు చుట్లు చుట్టాడు. ముసలమ్మ బుట్టపట్టీ నుదుటికి తగిలించుకుని లేచి, మార్కెట్టుకి నారింజలు మోసుకెళ్తున్నట్టు నడిచింది. ఆమె కొడుకు బాదల్‌-దా సైకిలు వీపున వేసుకున్నాడు. దేముడు ఒక చేత్తో తన సైకిలు దొర్లిస్తూ బుట్ట వెనకాలే నడిచాడు. రెండో చెయ్యి బాదల్‌-దా పట్టుకున్నారు. మలుపు తిరిగినప్పుడల్లా బిగించేవారు.

మొదటి మలుపులో, ఎర్రగుడ్డ చుట్టల్లోంచి, ఒక సన్నటి గొంతు వచ్చింది.

“దేము-దా, నన్నొదిలి వెళ్ళకు.”

దేముడు అక్కడే ఆగిపోబోయాడు. చెయ్యి ఆయన దగ్గర ఉండబట్టి నడవాల్సొచ్చింది. దిగేదాకా ఆయన అదే మాట. దేము-దా, ఉన్నావా? దేము-దా, ఇంకెంత దూరం? తెలిసి తెలిసి దేముడు నాలుగైదుసార్లు జవాబు చెప్పలేదు, ఇంకోసారి పిలుస్తాడని.

వంతెన కాస్త ఇవతల బాదల్‌-దా బుట్ట దిగారు. తల దువ్వుకున్నారు. బ్యానరు దులిపి సైకిలుకి కట్టుకున్నారు. తర్వాత దేముడి రెండు చేతులూ పట్టుకుని, “దేము-దా, ఈ సంగతి లిలువాలో ఎవరికీ చెప్పనని కాళీమాత మీద ఒట్టెయ్యి,” అన్నారు. ఆ అక్షరం కోసం దేముడు ఏ దేవతమీదైనా వేసేవాడు, వేశాడు. బాదల్‌-దా సైకిలెక్కి ఠీవిగా వంతెన దాటారు. ఆ ఫోటో ఇప్పటికీ క్లబ్బు గోడమీద ఉంది.

సరస్వతీపూజ మర్నాడు మధ్యాహ్నం సన్మానం. పందిరి, మైకు, కుర్చీలు. ముందు వరసలో తెలుగు లైను ఆడవాళ్ళతో అప్పలకొండమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. స్టేజీమీద దేముడి మెడలో బంతిపూల దండ. ఇక ‘దా’ ఏ క్షణాన్నయినా రావచ్చు.

అయితే ఆ రోజే లోయ వంతెన దగ్గరి టీ కొట్టువాడు టైపిస్టుల చెవిన ఒకటి వేశాడు, కలకత్తా బాబు ఒకడు బుట్టలో దిగొచ్చాడని. ఆ బాబు ఎవరో వాళ్ళకి తెలియదు. పుకారు కార్ఖానా అంతా పాకింది. ఎవరో ఒకరి పేరు చెప్పక తప్పదు. ఉపన్యాసం మధ్యలో బాదల్‌-దా నవ్వుతూ, “మన దేముకి పాపం కళ్ళు తిరిగాయి. ఒక ముసలమ్మ బుట్టలో వేసుకుని దింపింది,” అన్నారు.

మైదానమంతా నవ్వింది. దేముడు బాదల్‌-దా వంక చూశాడు. బాదల్‌-దా మైకు వంక చూశారు. మైకు లాక్కుని ఒక్క మాట చెబితే చాలు. కాని ఒట్టుంది. కాళీమాత కూడా అంత అవసరమైన సమయంలో ఏ సాయమూ చెయ్యలేదు. చివరికి దేముడు లేచి, చేతులు జోడించి, బుట్టలో కూర్చున్నట్టు మోకాళ్ళు ముడిచి చూపించాడు. చప్పట్లు మోగిపోయాయి.

ఇంటికి నడుస్తూ అప్పలకొండమ్మ ఊరుకోలేదు. దుర్గమ్మని మోసినోడు బుట్టలో దిగడమేటి, నాను నమ్మనంది. దేముడు ఒట్టేశాను అడక్కన్నాడు. ఆమె నడక ఆపింది.

“ఒట్టు ఏ బాసలో ఏసినావు?”

“బెంగాలీలోనే. ఆడికి తెలుగొచ్చేటి?”

“మరైతే తెలుగులో సెప్పడానికేటి నీకు?”

దేముడు ఆలోచించాడు. అందులో తప్పేమీ కనబడలేదు. మర్నాడు కుళాయి దగ్గర నీళ్ళొచ్చేలోపల తెలుగు లైనంతటికీ బుట్ట తెలుసు, గడ్డిపరకలు తెలుసు, కళ్ళకి చుట్టిన సమైక్యత తెలుసు. అప్పట్నుంచి బాదల్‌-దా ఆ దారిన వెళ్తే ఆడవాళ్ళు పైట నోటికడ్డం పెట్టుకునేవారు. తెలుగువాళ్ళు ఎప్పుడూ నవ్వు మొహంతో ఉంటారు, నేనంటే వాళ్ళకెంత అభిమానమో అని ఆయన మీటింగుల్లో చెప్పుకునేవారు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ఆ మాట బెంగాలీలో అనలేదు. అదీ తెలుగువాళ్ళ నీతి.

బెంగాలీవాళ్ళు మాత్రం ఆ మర్నాటి నుంచి దేముడికి కొత్త పేరు పెట్టారు. ఝుడి అంటే బుట్ట. ‘ఝుడి-దా!’ అని టీ కొట్టు దగ్గర మొదటిసారి పిలిచినప్పుడు అతని చెయ్యి చెప్పు మీదికి పోయింది. రెండోసారి ఆగి విన్నాడు. ముందు బుట్ట ఉంది, నిజమే. కాని చివర ‘దా’ ఉంది. అచ్చంగా లిలువా సరుకు. మూడోసారి పలికాడు.

అలా ఇరవయ్యేళ్ళు గడిచాయి. పూజా కమిటీలో ఝుడి-దా. రక్తదాన శిబిరంలో ఝుడి-దా. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి అతని అసలు పేరే తెలియదు. దేముడు ఆ పేరుని సుఖంగా తొడుక్కుని తిరిగాడు. ఎప్పుడైనా రాత్రి నిద్రపట్టనప్పుడు మాత్రం ఆ కొండదారిలో విన్న పిలుపు గుర్తొచ్చి లేచి కూర్చునేవాడు. ఒక మనిషి భయంలో నిజంగా పిలిచాడు, మళ్ళీ పిలవలేదు.

బాదల్‌-దా రిటైరయ్యారు. మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. లిఫ్టు లేదు. తర్వాత పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. రెండువేల పదకొండులో, పాత ప్రభుత్వం పోతుందో ఉంటుందో తేలే ఎన్నికలొచ్చాయి. ఓటు రోజు ఉదయం ఆయన్ని కుర్చీలో మోసుకెళ్తామని రెండు పార్టీల కుర్రాళ్ళూ మెట్ల మీద తన్నుకున్నంత పని చేశారు. బాదల్‌-దా ఇద్దరికీ లొంగలేదు. కుర్చీలోంచి మెట్లు చూడగానే బతికున్న చేత్తో తలుపు పట్టుకున్నారు. నోట్లోంచి సగం సగం వచ్చే మాటల్లో, ఝుడి-దాని పిలవమన్నారు.

కబురందేసరికి దేముడు అప్పలకొండమ్మతో పోలింగ్ బూతు దగ్గర వరసలో ఉన్నాడు. చోటు ఆమెకి అప్పగించి వచ్చాడు. వయసు అతనికీ మీదపడింది. అయినా భుజం మీది తువ్వాలు తీసి, ఏమీ అడక్కుండా బాదల్‌-దా కళ్ళకి కట్టాడు. ఆయన్ని వీపున వేసుకుని దిగడం మొదలెట్టాడు. ముందూ వెనకా కుర్రాళ్ళు. రెండో అంతస్తు మలుపులో ఆ చెయ్యి అతని భుజాన్ని బిగించింది.

“దేము-దా, మెల్లగా.”

దేముడు ఒక్క క్షణం గోడకానుకుని నిలబడ్డాడు. దేము-దా ఎవరని ఒక కుర్రాడు పక్కవాడిని అడిగాడు. తెలియదన్నాడు వాడు. ముసలాయన ఎవరినో తల్చుకుంటున్నాడనుకున్నారు.

బూతు ముందు వరసంతా చూస్తుండగా దేముడు ఆయన్ని బెంచీ మీద దింపి తువ్వాలు విప్పాడు. బాదల్‌-దా కళ్ళలో నీళ్ళున్నాయి. అందరికీ వినబడేలా, ఒక్కొక్క మాటే కూడదీసుకుని, “ఆ బుట్టలో... దిగింది... నేను,” అన్నారు.

కుర్రాళ్ళు నవ్వారు. పాపం ఝుడి-దా పరువు కాపాడాలని చూస్తున్నాడు, ఎంత మంచివాడో అన్నారు. వరసలో ఉన్న అప్పలకొండమ్మ పైట నోటికడ్డం పెట్టుకుంది గాని, ఈసారి నవ్వడానికి కాదు. బాదల్‌-దా మళ్ళీ చెప్పబోయారు. దేముడు ఆయన నోటి దగ్గర చెయ్యి పెట్టాడు. వంగి, చెవిలో, ఆయనకి రాని తెలుగులో చెప్పాడు.

“ఊరుకో బాదల్‌-దా. నువ్విచ్చిన ‘దా’ నా కాడుంది. ఈళ్ళిచ్చింది ఇప్పుడు లాగీకు.”

ఆయనకి ఏం అర్థమైందో గాని తల ఊపారు. వరస ముందుకి కదిలింది. దేముడు ఆయన్ని మళ్ళీ వీపున వేసుకున్నాడు.